కౌజు పిట్టలకు నేను బిగించిన దాణా గొట్టం

తేదీ: ఫిబ్రవరి నెల రెండో శనివారం, సాయంత్రం.

స్థలం: వినుకొండ రోడ్డులో మా సొంత ఇల్లు, ముందు హాలు.

హాజరైనవారు: మా సంఘం పాస్టరు అయ్యగారు, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆయన భార్య, మా ఆవిడ సుగుణ, సుగుణకు అన్నా నాకు బావా అయిన మిరప రైతు దానియేలు, తన వయసు ఎంతో తనకే తెలియని సంతోషమ్మ మామ్మ, స్త్రీల సమాజం వారు పదిమందికి పైగా, నేను.

పిలవకుండా హాజరైనవారు: నలభై కౌజు పిట్టలు, విడతలవారీగా.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను సర్వేయరును. పొలం గట్టు తగాదాకు వెళ్తే ముందు తేదీ, తర్వాత స్థలం, ఆ తర్వాత హాజరు రాసుకుని, అప్పుడు కొలత గొలుసు లాగేవాణ్ణి. ఇంట్లో డైరీ రాసినా అదే పద్ధతి. మా పెళ్ళినాటి పేజీలో కూడా "హాజరైనవారు: వధువు, తదితరులు" అని ఉంటుంది. దానికి సుగుణ ఇప్పటికీ నన్ను క్షమించలేదు. కానీ ఆ శనివారం పేజీలో హాజరు రాయగానే నా చెయ్యి నిలిచిపోయింది. జీవితంలో మొదటిసారి డైరీ రాయడానికి నాకు మాట దొరకలేదు. అంత దిగ్భ్రాంతి. అందుకే మిగిలింది ఇప్పుడు, నాలుగేళ్ళు గడిచి, కళ్ళమంట పూర్తిగా తగ్గాక రాస్తున్నాను. ఇందులో ఒక మనిషి ఒక సాయంత్రంలో తన పరువు, భార్య పరువు, సంఘం పరువు కలిపి ఎలా గాలికి వదిలాడో వస్తుంది. గుండె మెత్తనివాళ్ళు ఒక గుక్క మంచినీళ్ళు తాగి ముందుకు రండి.

అప్పుడు నాకు అరవై దాటి ఏడాది. అంటే కుర్రతనం. నవ్వకండి. రిటైరైన కొత్తలో ప్రతి మగాడికీ రెండో కుర్రతనం వస్తుంది. మొదటిదాంట్లో చేసిన పనులకు తండ్రి తిడతాడు, రెండోదాంట్లో చేసినవాటికి భార్య తిడుతుంది. తేడా అంతే. కొందరు ఆ వయసులో షటిల్ ఆడి మోకాలు విరగ్గొట్టుకుంటారు. నేను కౌజు పిట్టలు తెచ్చాను.

కౌజు పిట్టను చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. గుప్పెడంత ఉంటుంది. మట్టిరంగు ఒళ్ళు, మచ్చల గుడ్లు. కోడిపిల్లకు అన్న, కోడికి మునిమనవడు. రెక్కలున్నా దానికి నడకే ఇష్టం. ఎక్కడ కంత కనపడితే అక్కడ తల దూర్చి, అవతల ఏముందో చూసి రావడం దాని స్వభావం. ఈ చివరి రెండు వాక్యాలు పిట్టలు అమ్మినవాడు నాకు స్పష్టంగా చెప్పాడు. నేను తలూపాను కూడా. తలూపడం వేరు, తలకెక్కడం వేరు.

హాలుకూ ప్రహరీకీ మధ్యనున్న సందులో రేకుల షెడ్డు వేసి, చుట్టూ జాలీ కొట్టి, నలభై పిట్టలను అందులో వదిలాను. వాటిలో ఒక పుంజు ఉండేది. ఛాతీ విరుచుకుని, ఎవరినీ పట్టించుకోకుండా, ఊరికే అటూ ఇటూ తిరిగి కేకలేసేది. దానికి తహశీల్దారు అని పేరు పెట్టాను. ఎందుకని అడక్కండి. పెన్షను తీసుకుంటున్నవాణ్ణి.

దానియేలు బావ మొదటిరోజే వచ్చి జాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఇవి ఎప్పటికి వేపుడుకొస్తాయి?"

"ఇవి వేపుడుకి కాదు బావా, గుడ్లకి."

"గుడ్లు నీకు, పిట్టలు నాకు. హద్దురాళ్ళు పాతేద్దాం, తగాదా ఉండదు."

"వాటి వంక అట్లా చూడమాక. బెదురుతున్నయ్."

"నేనెట్లా చూశాను? ప్రేమగానే చూశా కదా!"

నిజమే, ప్రేమగానే చూశాడు. మా బావ కోడి వంకా, మేక వంకా, చివరికి చెరువులో చేప వంకా అంత ప్రేమగానే చూస్తాడు. నాకు మాత్రం వారం తిరక్కుండానే ఆ పిట్టల మీద మమకారం పుట్టింది. పొద్దున్నే షెడ్డు దగ్గరికి వెళ్తే నలభై బుర్రలూ ఒకేసారి నా వైపు తిరిగేవి. ఉద్యోగంలో ఏ ఒక్క రైతూ నన్ను చూసి అంత సంతోషించలేదు.

ఇక దాణా దగ్గర వచ్చింది చిక్కు. షెడ్డు పల్లంలో ఉంటుంది. ఇల్లు మిట్టన కట్టుకున్నాం. దాణా పెట్టాలంటే రోజుకు రెండుసార్లు మెట్లు దిగి, వంగి, గిన్నె పెట్టి, మళ్ళీ లేవాలి. లేచేటప్పుడు నా మోకాళ్ళు తలుపు కీళ్ళలాగా కిర్రుమనేవి. దుకాణంలో దొరికే దాణా తొట్టి చూశాను. అది నిలబెట్టిన డబ్బా. వాలు లేదు. వాలు లేని వస్తువు సర్వేయరు కంటికి ఆనదు.

బోరు వేయించినప్పుడు మిగిలిన నాలుగంగుళాల పీవీసీ గొట్టం మేడ మీద పడి ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు పులకరించింది. హాలు కిటికీలోంచి గొట్టం బయటికి దింపి, ఏటవాలుగా షెడ్డులోకి పంపి, పై చివర నా వాలుకుర్చీ పక్కనే పెట్టుకుంటే? కూర్చున్నచోటి నుంచి కదలకుండా దాణా పోయొచ్చు! పై చివరకు అడుగు కోసేసిన మంచినీళ్ళ క్యానును తలకిందులుగా గరాటాలాగా బిగించాను. కింది చివర పిట్టలన్నీ తినడానికి వీలుగా ఒక పెద్ద పళ్ళెంలోకి తెరిచి వదిలాను. వంపుకు ఎల్బో, అతుకుకు సొల్యూషన్, బిగింపుకు కట్టుతీగ. అంతా నా చేతిపనే.

సుగుణ వంటింట్లోంచి వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమండీ, ఇది హాలా, పంపుహౌసా?"

"నెల రోజులు చూడు సుగుణా. ఊళ్ళోవాళ్ళంతా మనింటికొచ్చి చూసి నేర్చుకుంటారు."

ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తారన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

మొదటి పరీక్షలో దాణా పోయగానే అది డ్యాము గేట్లెత్తినట్టు దూకింది. కిందికి పరిగెత్తి చూస్తే పిట్టలు మెడలదాకా దాణాలో కూరుకుపోయి, నావైపు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. గింజ కూడా పల్లమెరుగునని ఆ రోజు తెలిసింది. పిట్ట మిట్ట ఎరుగునని మాత్రం పెద్దలెవరూ చెప్పి చావలేదు.

వేగం తగ్గించాలి. గొట్టాన్ని నిలువునా రెండుగా కోసి, అడుగున పొడుగూతా గోనెపట్టా అతికించి, మళ్ళీ మూసి తీగతో బిగించాను. అద్భుతం! దాణా ఇప్పుడు పెళ్ళికూతురు నడిచినట్టు మెల్లగా దిగింది. జారుడుగా ఉన్న గొట్టానికి లోపల తివాచీ పరిచానన్నమాట. అది ఎవరి కాళ్ళకింద తివాచీ అవుతుందో ఆలోచించలేదు.

తర్వాత ఎలుకలు వచ్చాయి. దాణా వాసనకు షెడ్డు చుట్టూ తిరిగి, సందు దొరికితే గొట్టంలోకి దూరి పండగ చేసుకునేవి. బోను పెట్టాను, పడలేదు. మందు పెడదామంటే పిట్టలు తింటాయేమోనని భయం. అప్పుడు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఈ ఆలోచన కృష్ణకు అవతలివాళ్ళకు రాదు, నెల్లూరు వాళ్ళకూ రాదు. మన మిరప గడ్డ మీద పుట్టినవాడికే వస్తుంది. మనకు అన్నం చప్పగా ఉంటే కారం, జలుబు చేస్తే కారం, దిష్టి తగిలితే మిరపకాయ, అల్లుడొస్తే గొడ్డుకారం. ఎలుక వస్తే మాత్రం ఇంకేం వాడతాం?

"పిట్టలకి మంట పుట్టదా?" అని మీరడగొచ్చు. నేనూ పద్ధతిగా ఆలోచించాను. మా బావ చేలో చిలకలు పండుమిరపకాయను కసకసా కొరికి తిని, మంచినీళ్ళయినా అడక్కుండా ఎగిరిపోవడం నా కళ్ళారా చూశాను. పిట్ట నోటికి కారం తెలియదు. ఎలుకకు తెలుస్తుంది. ఇంతకంటే రుజువేం కావాలి? బావ కల్లంలో ఎండిన కాయను ఆ వారమే మరలో ఆడించిన కొత్త కారం ఒక గిన్నెడు తీసుకెళ్ళి గొట్టంలో గోనెపట్టా పొడుగునా చల్లి, కర్రకు గుడ్డ చుట్టి పట్టాలోకి బాగా కూరాను. మర్నాడు ఒక ఎలుక షెడ్డులోంచి బయటికొచ్చి, మూతి నేలకేసి రుద్దుకుంటూ, ప్రహరీ ఎక్కి పక్క వీధికి వలసపోయింది. మిగతావి దానివెంటే పోయాయి. పిట్టలు మామూలుగా తిని మామూలుగా గుడ్లు పెట్టాయి.

ఆ రోజు నా డైరీలో "సంపూర్ణ విజయం" అని రాసి కింద గీత గీశాను.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి నెలా మా సంఘంలో ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. నా ఉద్యోగమంతా బదిలీలే, అద్దె కొంపలే. ఒక ఇంటాయన పాటలు వద్దనేవాడు, ఇంకో ఇంటాయన చెప్పులు వద్దనేవాడు. పాపం సుగుణ ఊరూరా అందరి ఇళ్ళకూ వెళ్ళి చాపల మీద కూర్చుని వచ్చిందే తప్ప, "ఈ నెల మా ఇంట్లో" అని ఒక్కసారి అనలేకపోయింది. సొంతింట్లో మొదటి కూడిక ఆ రెండో శనివారానికి ఖాయమైంది. నెలముందు నుంచే కర్టెన్లు ఉతికింది. ఇత్తడి సామాను తోమింది. గోడ మీద నా ఫొటోను కూడా తుడిచింది.

మూడు రోజుల ముందు నన్ను కూర్చోబెట్టి, మా బావ ఎదురుగా, తీర్పు చెప్పింది.

"ఏమండీ, జాగ్రత్తగా వినండి. ఆ ఒక్క సాయంత్రం మీ పిట్టలు నాకు కనపడకూడదు, వినపడకూడదు, వాసన రాకూడదు. అయ్యగారి ముందు ఒక్క ఈక కనపడినా సరే, తెల్లారేసరికి మొత్తం నలభై మా అన్నయ్యకిచ్చి పంపిస్తా."

మా బావ ముఖం దీపావళి అయింది. "సుగుణా, నువ్వు మాట మీద నిలబడే మనిషివి. నాకు తెలుసు."

"బావా, నువ్వు ఊరుకో."

"నేనేమన్నా? ప్రార్థన చేసుకుంటా అంతే. దేవుడి చిత్తం ఎట్లా ఉంటే అట్లా."

నేను పద్ధతిగా ఏర్పాట్లు చేశాను. వాసనకు షెడ్డంతా కడిగి ఫినాయిలు చల్లాను. కనపడకుండా హాల్లోని గొట్టం మూతి మీద, క్యానుతో సహా, తెల్లటి టేబుల్ క్లాత్ కప్పాను. సుగుణ దానిమీద పళ్ళెం పెట్టి, పళ్ళెంలో ప్లాస్టిక్ గులాబీల కూజా ఉంచింది. చూసేవాళ్ళకు అదేదో కొత్తరకం పూలబల్ల. వినపడకుండా ఏం చెయ్యాలి? చీకటి చేస్తే పిట్ట కిక్కురుమనదు. బావ దగ్గర కల్లంలో మిరపకాయల మీద కప్పే నల్లపట్టా తెచ్చి షెడ్డును చుట్టూ, పైనా మూసేశాను. లోపల కటిక చీకటి. గింజలు జారే చప్పుడు రాకుండా ఆ పూట గొట్టంలో దాణా పోయలేదు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగండి. ఆగి, ఆ షెడ్డులో ఉన్న కౌజు పిట్ట స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. కటిక చీకటి. కడుపులో ఆకలి. ఎదురుగా ఒక గుండ్రటి కంత. కంత చివర, పైన, తెల్లగుడ్డలోంచి వెన్నెలలాంటి ట్యూబులైటు వెలుగు. కాళ్ళకింద మెత్తటి గోనెపట్టా. మీరైతే ఏం చేస్తారు?

నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఆరుగంటలకల్లా హాలు నిండింది. చాపలు, దిండ్లు, వాలుకుర్చీలో అయ్యగారు. ఆ కుర్చీ పక్కనే పూలబల్ల. ఉక్కగా ఉందని సుగుణ ఆ పూలబల్ల పక్కనే, అయ్యగారి వెనకాల, స్టాండు ఫ్యాను పెట్టింది. గాలి జనం వైపుకు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

రెండు పాటలయ్యాయి. సుగుణ ముఖం వెలిగిపోతోంది. అమ్మగారు కర్టెన్లు పట్టుకు చూసి "ఎక్కడ కొన్నారమ్మా" అన్నారు. సుగుణ నావైపు చూసి, పెళ్ళయినప్పటి నుంచి నేను చూడని రకంగా, చిన్నగా నవ్వింది. షెడ్డు వైపు నుంచి చప్పుడు లేదు. వాసన లేదు. ఈక లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న నేను నన్ను నేనే మెచ్చుకున్నాను.

అయ్యగారు మారుమనస్సు గురించి ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన మంచివారు, చదువుకున్నవారు. గొంతు మాత్రం జోలపాటలాగా ఉంటుంది. పావుగంటకు మామూలుగా సగం సంఘం తలలూపుతూ ఉంటుంది. ఒప్పుకుని కాదు, కునికి.

"ప్రియులారా, రాతి గుండె కరగాలి. కరిగితే కన్నీళ్ళు రావాలి. మనలో ఎంతమందికి ఆ కన్నీళ్ళు వస్తున్నాయి?"

ముందు వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

నేను పట్టించుకోలేదు. తర్వాత ఇంకొకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆమె పక్కావిడ కూడా. అయ్యగారు ఒక్కసారి ఆగి, ఆశ్చర్యంగా చూసి, గొంతు పెంచారు.

"చూడండి! దేవుడు హృదయాలను కదిలిస్తున్నాడు!"

నిజంగానే కదిలిస్తున్నాడు. రెండో వరస మొత్తం ఏడుస్తోంది. ఎవరో "అయ్యో తండ్రీ" అని మూలిగారు. దగ్గులు, తుమ్ములు, వెక్కిళ్ళు. అందరికంటే ఘోరం, మా బావ. సొంత మేనమామ పోయినప్పుడు కూడా భోజనం ఎన్నింటికని అడిగిన మనిషి, రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరున ఏడుస్తున్నాడు.

"దానియేలు గారు కూడానా!" అన్నారు అయ్యగారు. ఫ్యాను ఆయన వెనక ఉంది కాబట్టి ఆయన కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. కాసేపటికి ఆ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళు. "ఇన్నేళ్ళ సేవలో ఇటువంటి కూడిక నేను చూడలేదు. స్తోత్రం!"

సంతోషమ్మ మామ్మ, వెనక గోడకానుకుని కూర్చున్న మనిషి, గాలి గట్టిగా ఒకసారి పీల్చి, హాలంతా వినపడేలా అంది:

"మారుమనసూ కాదు, మట్టిగడ్డా కాదు. ఎవరో ఎండుమిరపకాయలు కాల్చారే!"

నా ముక్కుకు అప్పుడు తెలిసింది. ఆ ఘాటు నాకు తెలుసు. ఆ కాయ తెలుసు. ఆ చేను సర్వే నెంబరు కూడా తెలుసు.

పూలబల్ల వైపు చూశాను. కూజాలోని ప్లాస్టిక్ గులాబీలు సన్నగా వణుకుతున్నాయి. ఫ్యాను గాలికి కాదు. ఫ్యాను జనం వైపు తిరిగి ఉంది. టేబుల్ క్లాత్ కింద ఏదో ఉబ్బింది. ఉబ్బు అటు పోయింది, ఇటు వచ్చింది. రెండు ఉబ్బులయ్యాయి. సుగుణ నా ముఖం చూసి, నా చూపు వెంట చూసి, రాయి అయిపోయింది.

అయ్యగారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తారు. "ప్రభువా, ఈ ఇంట్లో ఇంకా గొప్ప కార్యము కనపరచుము!"

కూజా ఒరిగింది. పళ్ళెం ఠంగుమని నేలకు తగిలింది. టేబుల్ క్లాత్ దానంతట అదే లేచి నిలబడింది. దాని కింద నుంచి, ఒళ్ళంతా సింధూరం పూసుకున్నట్టు ఎర్రగా, ఛాతీ విరుచుకుని, తహశీల్దారు బయటికొచ్చాడు. హాలు మొత్తం ఒకసారి పరిశీలించాడు. గొంతెత్తి ఒక కేక వేశాడు. ఆ కేకకు మిగతా సిబ్బంది కదిలారు.

ఒకటి, రెండు, అయిదు, పది! గొట్టంలోంచి బుస్సుమని పిట్ట వెనక పిట్ట. ప్రతి పిట్టా బయటికి రాగానే ఒళ్ళు విదిలించుకునేది. విదిలించినప్పుడల్లా ఎర్రటి పొగ లేచేది. ఆ పొగను ఫ్యాను అందుకుని, కళ్ళూ ముక్కులూ చూసి మరీ పంచిపెట్టేది. ఒక పిట్ట డోలక్ ఎక్కి దానిమీద టకటకా నడిచింది. ఇంకోటి అమ్మగారి ఒళ్ళో వాలి సర్దుకుని కూర్చుంది. స్త్రీల సమాజం కార్యక్రమంలో లేని కేకలు పెట్టింది.

"పాము! పాము!"

"పామేంటే, రెక్కలుంటే!"

"నా కళ్ళు! నీళ్ళు, నీళ్ళు తెండే!"

సంతోషమ్మ మామ్మ ఒక్కతే చేతులు జోడించింది. "బైబిల్లో ఆకలిగొన్న జనానికి దేవుడు పంపితే అరణ్యంలో పూరేడు పిట్టలొచ్చి పడ్డట్టు పడ్డయ్యయ్యో! నా జన్మ ధన్యమైంది!"

ఏడుస్తున్న మా బావ ఆ మాటకు చటుక్కున తలెత్తాడు. కళ్ళు చింతనిప్పులు, ముక్కు టమాటా. అయినా గొంతులో ఎంత ఆశ!

"పూరేళ్ళు పంపింది తినమనే కదయ్యగారూ?"

అయ్యగారు కళ్ళు తెరిచారు. ఆయన భుజం మీద ఒకటి, కుర్చీ చేతి మీద రెండు. వాటిని చూశారు, గొట్టాన్ని చూశారు, నన్ను చూశారు.

"సర్వేయరు గారూ, ఏమిటివి?"

నలభై యేళ్ళ ఉద్యోగ అలవాటు ఎక్కడికి పోతుంది? నేను లేచి నిలబడి చేతులు కట్టుకుని, "కౌజు పిట్టలండి. నలభై. గొట్టం గుండా వచ్చాయండి. గొట్టంలో కారం ఉందండి," అని మనవి చేసుకున్నాను.

"కారం దేనికండి?"

"ఎలుకలకండి."

ఎవరో ఒకరు తుమ్మారు. అంతవరకూ దేవుడి కార్యమని ఏడ్చినవాళ్ళంతా, ఎలుకలకు పెట్టిన కారానికి ఏడ్చామని ఒక్కసారిగా గ్రహించారు. ఆ చూపులను నేను బతికుండగా మరచిపోలేను. సుగుణ వంటింట్లోకి వెళ్ళి, చెంబులతో నీళ్ళు తెచ్చి, ఒక్కొక్కరి కళ్ళూ కడగడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు ఎవరూ కడగలేదు. అవి కారానికి ఎర్రబడ్డాయో, అవమానానికో నాకు తెలియలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సుగుణ తిట్టలేదంటే సంగతి చాలా దూరం పోయిందని అర్థం.

పులిహోర పొట్లాలు పట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. మంచాల కింద, బీరువా వెనక, చెప్పుల స్టాండులో దాక్కున్న పిట్టలను నేనూ బావా కలిసి పట్టాం. పట్టిన ప్రతిదాన్నీ బావ అరచేతిలో పెట్టి తూకం చూశాడు.

"తెల్లారి వస్తా బావా. మనసు గట్టి చేసుకో," అని భుజం తట్టి వెళ్ళాడు.

మర్నాడు ఆదివారం. ఇంకా మంచు విడవకముందే బావ గుమ్మంలో ఉన్నాడు. చేతిలో మూతగంప. దాంట్లో వరిగడ్డి కూడా మెత్తగా పరిచాడు, చనిపోయేవాటికి సుఖంగా ఉండాలని.

"అల్లం వెల్లుల్లి నూరించి పెట్టి వచ్చాను. సుగుణా, ఇచ్చిన మాట!"

సుగుణ షెడ్డు తాళంచెవి తీసింది. నేను జాలీకి అడ్డంగా నిలబడ్డాను. తప్పు నాది. మాట ఆమెది. పిట్టలు మాత్రం ఏమీ ఎరగనట్టు నలభై బుర్రలూ నా వైపు తిప్పాయి.

అంతలో సుగుణ ఫోను మోగింది. అయ్యగారు. నన్ను చూస్తూ స్పీకరు నొక్కింది, ఆ చీవాట్లేవో నేనే వినాలని.

"వందనాలయ్యగారూ. నిన్న జరిగినదానికి మమ్మల్ని..."

"వందనాలమ్మా. ముందు నేను చెప్పేది విను. రాత్రంతా ఆలోచించాను. ఇన్నేళ్ళుగా ప్రసంగిస్తున్నా. నా ప్రసంగంలో ఒక్క మనిషైనా నిద్రపోని కూడిక నిన్నటిదొక్కటే."

సుగుణ నోరు తెరిచింది. మూయలేదు.

"సంతోషమ్మ మామ్మ రాత్రే వీధంతా చెప్పి వచ్చింది. నిన్న రానివాళ్ళు కూడా వస్తామంటున్నారు. వచ్చే నెల కూడా మీ ఇంట్లోనే పెడదామమ్మా. పిట్టలుంటాయి కదా?"

"ఉంటాయయ్యగారూ," అంది సుగుణ. ఎంత గట్టిగా అందంటే మా బావ చేతిలోంచి గంప జారిపోయింది.

"మంచిది. ఇంకో చిన్న మాట. ఇవాళ సాయంత్రం పక్క ఊరి సంఘంలో నా ప్రసంగం. అక్కడివాళ్ళు మరీ కునుకుతారు. మీ సర్వేయరు గారిని ఆ కారం ఒక చిటికెడు పొట్లం కట్టి పంపమంటావా?"

ఫోను పెట్టేసి సుగుణ మెట్ల మీద కూలబడింది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"మరి నా మసాలా?" అన్నాడు బావ దీనంగా.

"వంకాయలో వేసుకో అన్నయ్యా."

ఆమె లేచి నా చేతిలో హాక్‌సా పెట్టింది. పిట్టలకు క్షమాభిక్ష దొరికింది, గొట్టానికి దొరకలేదు. మంచు విడిచేలోగా దాన్ని నా చేతులతోనే జానెడేసి ముక్కలు కోశాను. కోస్తూ తుమ్మాను. తుమ్ముతూ, సుగుణ వెనక నిలబడి చెప్పిస్తుండగా, ఈ కింది ప్రమాణం చేశాను:

"నేను, నా పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేయునదేమనగా, గొట్టమన్నాక రెండు నోళ్ళుంటాయి. నేను పోసే నోట్లోంచి ఎవరూ తిరిగి రారని ఇకమీదట నమ్మను. కారమును కూరలోనూ, పచ్చడిలోనూ తప్ప ఏ ఇంజనీరింగు పనిలోనూ వాడను. పిట్టలకు దాణా గిన్నెతో, వంగి, మోకాళ్ళు కిర్రుమన్నా సరే, స్వహస్తాలతో పెడతాను. ఆమేన్."

సాక్షి సంతకం పెట్టమంటే దానియేలు బావ పెట్టనన్నాడు. నలభై పిట్టలను తన గంప దాకా తెచ్చిన ఇంత మంచి గొట్టాన్ని వద్దని చెప్పడానికి తనకు మనసు రావడం లేదట.